నేను పెట్టిన నాలుగో సంతకం

మా చెల్లెలు వసంత నోరు జారకపోయి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు. పోయిన నెల నా మనవరాలు నివేత పూనాలో యూనివర్సిటీ చదువుకు బయలుదేరుతున్నదని, చూసి పోవడానికి షోళింగనల్లూరులో మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చింది. వసంత రిటైరైన లెక్చరరు. ఇప్పటికీ చీర మడత నలగకుండా కూర్చుంటుంది. హాలు నిండా పిల్ల సామాను పరిచి ఉంది. చక్రాల పెట్టెలు రెండు, కవరు విప్పని దుప్పట్లు, వైర్లకే ఒక సంచి. హాస్టలు ఫారం మాత్రం కాగితం కాదు, ఫోనులో ఉంది. మా అబ్బాయి సోఫాలో చేరగిలబడి దాన్ని వేలితో పైకి తోసుకుంటూ పోతున్నాడు. ఆఖర్న ఒక గడి, పక్కన 'చదివి ఒప్పుకుంటున్నాను' అనే మాట ఇంగ్లీషులో. దాన్ని నొక్కబోతుంటే ఫోను లాక్కున్నాను. చదివావా అని అడిగితే, ఎవరూ చదవరు, నొక్కితే పోతుంది అన్నాడు.

"అవ్వా, ఇదంతా యారు పడిప్పా? ఈరోజే లాస్ట్ డేట్" అన్నది నివేత. మా ఇంట్లో ఈ తరం పిల్లలు తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి జారిపోతారు. ఎవరు చదువుతారా, నువ్వే చదువుతావు, గట్టిగా చదువు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు అని ఫోను దాని చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మూతి ముడుచుకుని చదివింది. సగం దాటాక ఒకచోట ఆగింది. పిల్ల అసలు సర్టిఫికెట్లన్నీ చదువు ముగిసేదాకా వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారట. మా అబ్బాయి అప్పుడు లేచి కూర్చున్నాడు. ఫోను చేసి అడిగితే, రసీదు కావాలంటే ఇస్తాం అన్నారట. అడగకపోతే ఇచ్చేవాళ్ళు కాదన్నమాట. గంటసేపు నన్ను ఎగతాళి చేసిన తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ చల్లబడ్డారు.

వసంత నవ్వింది. "మీ అవ్వకి సంతకం నేర్పిందెవురో తెలుసా? నేనే. నేను కాలేజీకి పొయ్యే ముందర, పదైదు దినాల్లో నేర్పినా. లేకుంటే ఈ పొద్దుకీ వేలిముద్రే." నివేత చప్పట్లు కొట్టింది. నేను లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా ఆడే నిలబడ్డాను. పిల్ల ప్రయాణం ముందు రోజు రచ్చ ఎందుకని నోరు మూసుకున్నాను. వసంత రిటైరైన రోజు కూడా అంతే. మైకు పట్టుకుని 'మా అక్క త్యాగం' అన్నది. జనం తిరిగి నా వైపు చూశారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. త్యాగం అంటే ఇది నాది, ఇస్తున్నాను అని తెలిసి ఇవ్వడం. నాకు ఎవరు తెలియనిచ్చారు?

పెరంబూరులో మేముండిన వరసలో అన్ని ఇళ్ళకీ గడియారం రైల్వే వర్క్‌షాపు సంగే, అంటే సైరనే. మొదటి కూతకి పొయ్యి వెలిగించాలి, రెండో కూతకి నాయన క్యారియరు మూత పడాలి. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, వసంత ఇంకా పాకుతున్నది. అన్నని బడి మాన్పించలేదు, మగపిల్లవాడు. వసంత పెద్దయ్యాక దాన్నీ బడికి పంపారు. నేను బడి గేటు దాకా వాళ్ళ సంచులు మోసి తిరిగొచ్చేదాన్ని. నాయన పని ఆ వర్క్‌షాపులోనే, పెయింటు వేసే చోట. ఎంత సీకాయ పెట్టి రుద్దినా ఆయన మెడ దగ్గర పెయింటు వాసన పోయేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గ్రిల్లుకు రంగు వేస్తుంటే నేను అక్కడ కాసేపు నిలబడిపోతాను, ఎందుకో చెప్పను.

ఆ ఎండాకాలం నాయన ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో పడ్డాడు. పడకలో ఉండగానే అన్ననీ, మా చిన్నాయననీ పిలిచి నా ముందే చెప్పాడు. చిన్నాయన అంటే నాయన తమ్ముడు, అదే వర్క్‌షాపులో యూనియను మనిషి, కాగితాలన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. "నా పని కనకమ్మకి ఇప్పించండిరా. పెద్దోడికి లేతు షాపులో పని ఉండాది, చిన్నదానికి చదువు ఉండాది. దీనికేముండాది?" అన్నాడు నాయన. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి పని ఇచ్చేవాళ్ళు. ఆడవాళ్ళకైతే ఆఫీసులో నీళ్ళందించేదో, క్యాంటీనులోనో. చదువు రాకపోయినా పట్టించుకునేవాళ్ళు కాదు. నాయన పోయిన తరవాత నేను ఏడ్చిన మాట నిజం. ఏడుస్తూనే, ఆ సంగుకి నేను ఒక క్యారియరు నా కోసం కట్టుకుని ఆ గేట్లోంచి లోపలికి పోతానని లెక్కలు వేసుకున్న మాటా నిజమే. పాతికేళ్ళు నాకు. ఒకరి చేతి కింద కాకుండా బతకొచ్చునని మొదటిసారి అనిపించింది.

నాయన పోయిన ఆ నెలల్లోనే వసంతకు కోయంబత్తూరులో కాలేజీ సీటు వచ్చింది. మా వంశంలో మొదటి సీటు. హాస్టలు వాళ్ళు పంపిన పట్టీ రెండు పేజీలు. ట్రంకు, తాళం, రెండు తాళంచెవులు, బకెట్టు, దోమతెర, కంచం, లోటా, పరుపు. వసంత చదువుతుంటే నేను వేళ్ళు మడిచి గుర్తు పెట్టుకునేదాన్ని. ట్రంకు నాయన స్నేహితులు చేయించి ఇచ్చారు. ముదురాకుపచ్చ రంగు వేసి, మూత మీద తెల్లగా పేరు రాశారు. అది ఆరేదాకా మూడు రోజులు వాకిట్లో పెట్టుకుని కాకులు రెట్ట వేయకుండా కాపలా కాశాను. పాత పరుపు విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టాను. నాయన ధోవతులు రెండు దోమతెర అంచులయ్యాయి. మా జేజి, అంటే నాయన తల్లి, పప్పుల పొడి, నువ్వుల పొడి వేయించి ఇనపరోట్లో దంచింది. ఎండుమిరపకాయల ఘాటుకి వరసంతా తుమ్మింది. సర్టిఫికెట్ల నకళ్ళ మీద ఒక పెద్దాఫీసరు సంతకం కావాలంటే, ఒక డాక్టరుగారి వరండాలో రెండు పూటలు నేనే నిలబడ్డాను. ఆయన చూడకుండానే టకటకా పెట్టేశాడు. చూడకుండా పెట్టొచ్చునని నాకు అప్పుడే తెలిసింది. పెద్ద మనుషుల అలవాటు కాబోలనుకున్నాను.

జేజి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె ఏ కాగితం మీదా ఊరికే వేలు పెట్టేది కాదు. రేషను కార్డు కానీ, మరేదైనా కానీ, ముందు ఒకరి చేత చదివించుకునేది. తరవాత ఆ మనిషిని బయటికి పంపేసి, ఇంకొకరిని పిలిచి మళ్ళీ చదివించుకునేది. ఇద్దరూ ఒకటే చెప్పేదాకా ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో మడిచి పెట్టుకుని, పైన కుడిచెయ్యి మూసుకుని కూర్చునేది. గుమాస్తాలు ముసలిదని విసుక్కునేవాళ్ళు. "నా కండ్లు పనికిరావు నాయనా, అందుకే రెండు జతల కండ్లు అరువు తెచ్చుకుంటా" అనేది. చట్టం కూడా ఆమె వైపే ఉంది. వేలిముద్ర అంటే చదివి వినిపించాలి, విన్నట్టు ఇద్దరు సాక్షులు కింద రాయాలి. నాకు అప్పట్లో ఆమెను చూస్తే నామోషీగా ఉండేది.

హాస్టలు పట్టీతో పాటు ఒక కార్డు వచ్చింది. పిల్లను చూడ్డానికి వచ్చే, సెలవు చీటీ పంపే ఇంటి ఆడమనిషి మాదిరి సంతకాలు దాని మీద మూడు పెట్టాలి. చీటీలో సంతకం వీటితో కలిస్తేనే పిల్లను బయటికి వదులుతారు. వేలిముద్రలు పనికిరావని కింద అచ్చు వేశారు. పక్కింటి టీచరమ్మ పేరు పెట్టేద్దాం అన్నాడు అన్న. వసంత ఒప్పుకోలేదు. అక్కే పెడతాది, నేను నేర్పిస్తా అన్నది. అప్పుడు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది, అది కూడా దాచను.

పదిహేను రోజులు మధ్యాహ్నం అంట్లు తోమినాక వంటింట్లో నేల మీద ముగ్గుపిండితో నేర్పింది. నాలుగక్షరాల పేరులో ఒకటి రెండుసార్లు వస్తాది గదా, నీకు మూడే పని అని ఎగతాళి చేసేది. ఆఖరి అక్షరం కింద ఒత్తు జుంకీలా వేలాడాలి, అణిగిపోతే కాదు అని చెరిపించేది. పిండి అయిపోయి బొగ్గు, బొగ్గు నుంచి పలక, పలక నుంచి క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలు. నేను నేర్చుకున్నది అక్షరాలు కాదు, ఒక బొమ్మ. 'క' అంటే ఏమిటో ఇంకో చోట చూపిస్తే గుర్తుపట్టలేను. కానీ ఆ బొమ్మ కళ్ళు మూసుకుని వేయగలను. వరసలో ఆడవాళ్ళందరికీ చూపించాను. జేజికి చూపిస్తే, "బాగుండాది. ఏం రాసినావో చదువు" అన్నది. నా పేరు అన్నాను. "అదొకటే వచ్చా?" అన్నది. కుళ్ళుబోతు ముసలిది అనుకున్నాను.

వసంత బయలుదేరే ముందు రోజు పొద్దున, చిన్నాయనా అన్నా వచ్చి ఉన్నారు. పీట వేసుకుని, కార్డు ముందు పెట్టుకుని, గడప రెండు వైపులా ముగ్గు ఒకటే మాదిరి వేసినట్టు మూడు సంతకాలూ ఒకటే మాదిరి పెట్టాను. అన్న పెన్ను అది. అందరూ వంగి చూశారు. చెయ్యి ఇంకా ఊపులో ఉంది. చిన్నాయన సంచిలోంచి టైపు కొట్టిన కాగితం ఒకటి తీసి కార్డు మీద పరిచాడు.

"దీని మీద కూడా ఒకటి పెట్టుమ్మా, ఆఫీసుకి."

"నా పని గురించేనా చిన్నాయనా?"

"ఆ, నాయన పని గురించే గదా" అన్నాడు.

పెట్టాను. మొదటి మూడింటికన్నా అదే బాగా కుదిరింది. పెరట్లో పొడి జల్లిస్తున్న జేజి, ఏం కాయితం అది అని కేక వేసింది. చిన్నాయన మడిచి సంచిలో పెట్టుకుంటూ, "నువ్వుండమ్మా, దానికిప్పుడు చదువొచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వసంత ట్రంకు దగ్గర కూర్చుని చీరలు సర్దుతున్నది. జేజి మళ్ళీ జల్లెడ చేతిలోకి తీసుకుంది.

వసంతను సెంట్రల్లో రైలెక్కించి వచ్చాం. రెండు నెలలు నాకు పిలుపు వస్తుందని పోస్టుమ్యాను కోసం చూశాను. ఒక రోజు అన్న ఖాకీ బట్టలు వేసుకుని ఇంటికొచ్చాడు. చేతిలో మైసూర్‌పాకు పొట్లం. వర్క్‌షాపులో చేరినానన్నాడు. అది వేరే ఉద్యోగం కాబోలనుకున్నాను, అంత అమాయకురాలిని. మరునాడు నేనే ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు ఒకాయన, మంచి మనిషే, ఫైలు తెరిచి కాగితం నా వైపు తిప్పాడు. తండ్రి ఉద్యోగం మీద నా హక్కు వదులుకుంటున్నాను, అన్నకు ఇస్తే నాకు అభ్యంతరం లేదు అని రాసి ఉందట. కింద నా బొమ్మ. జుంకీ కూడా సరిగ్గా వేలాడుతున్నది.

"పడిచ్చు పాత్తుదానేమ్మా కైయెళుత్తు పోట్టీంగ?" అన్నాడాయన. చదివి చూసే గదమ్మా సంతకం పెట్టారు అని. నా మొహం చూసి ఆయనకు అనుమానం వచ్చింది. కాస్త గొంతు తగ్గించి, చదువు రాకపోతే రాదని చెప్పండి, సంతకం మాత్రమే వచ్చునని వేలిముద్రతో ఒక అర్జీ ఇవ్వండి, మీ అన్న పని వారం రోజులు ఆపించి విచారణ పెట్టిస్తాను అన్నాడు. వేలిముద్రయితే చదివి వినిపించి సాక్షి పెట్టేవాళ్ళం, సంతకం ఉందని ఎవరూ అడగలేదు అని కూడా అన్నాడు.

గదిలో పదిమంది గుమాస్తాలున్నారు. నాయనతో పనిచేసినవాళ్ళు ఇద్దరు. అందరూ తల ఎత్తి చూస్తున్నారు. నాకు సంతకం వచ్చి మూడు నెలలు కాలేదు. "ఆమా సార్. పడిచ్చుట్టుదాన్ పోట్టేన్" అన్నాను. అవును సార్, చదివే పెట్టాను అని. ఆయన ఫైలు మూసేశాడు.

దీన్ని త్యాగమంటారా? అది సిగ్గు. పదిమంది ముందు నాకు చదువు రాదని చెప్పలేకపోయిన సిగ్గు. ఆ సిగ్గు నాకు ఎవరు పెట్టారు అని నేను యాభై ఏళ్ళుగా అడుగుతున్నాను. జేజికి లేదే అది. ముద్ర వేసే ఆడదాన్ని చూసి నవ్వడం నేర్పారు నాకు, చదవడం నేర్పలేదు. సంతకం ఒక్కటి నేర్పి, అప్పటిదాకా నాకున్న ఆ ఒక్క కాపలా కూడా తీసేశారు. మోసం చేసిన కాగితం కన్నా నాకు దాని మీదే కోపం ఎక్కువ.

అన్న వసంత ఫీజులన్నీ కట్టాడు. నాకు పండక్కి చీర పెట్టేవాడు. ఆ చీరలు కట్టుకునే వ్యాసర్పాడిలో అప్పడాల కంపెనీకి పోయాను. పెళ్ళయింది, పిల్లవాడు పుట్టాడు, అప్పడాల కర్ర చేతిలోంచి దిగలేదు. యాభై దాటాక, చర్చి వెనక హాల్లో ఒక రిటైరైన టీచరు మధ్యాహ్నాలు పదిమంది ఆడవాళ్ళకి తెలుగు నేర్పుతుంటే పోయి కూర్చున్నాను. ఏం చదవాలని ఉందని ఆయన అందరినీ అడిగాడు. ఒకరు బస్సు బోర్డన్నారు, ఒకరు బైబిలన్నారు. నా పేరు కింద ఉండే కాగితం అన్నాను. పేరు పైన ఏముందో చదవాలి గదమ్మా అని ఆయనే సరిదిద్దాడు. ఇప్పుడు ఇంట్లో మందు సీసా మీది అక్షరాలు, కరెంటు బిల్లు వెనక సన్న అచ్చు, అన్నీ చదువుతాను. ముసలామెకు చాదస్తం అంటారు. చదువొచ్చినవాళ్ళు చదవకుండా నొక్కుతారు, దాన్ని ఎవరూ చాదస్తం అనరు.

నివేతను తీసుకుని మా అబ్బాయి రైలెక్కాడు. కోడలు ఆఫీసుకు పోయింది. నేనూ వసంతా మిగిలాం. కాఫీ గ్లాసు దాని ముందు పెట్టి, ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను.

"ఆ దినం చిన్నాయన పరిచిన కాయితం నువ్వు చూసినావా?"

ఏ కాగితం అని అడగలేదు వసంత. గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చుంది.

"చూసినా అక్కా. ఇంగ్లీషులో ఉండింది. పైన రెండు లైన్లు చదివినా."

"అర్థమైందా?"

"అయింది. అన్నకి పని వస్తే నా ఫీజు కడతానని ముందే చెప్పుండినాడు."

"మరి నాకు చెప్పలేదే."

"నువ్వు అడిగుంటే చెప్పుండేదాన్ని."

అరుస్తాననుకున్నాను, అరవలేదు. "నువ్వు చెప్పినా పెట్టుండేదాన్నేమో వసంతా. నీ చదువు కోసమని తెలిస్తే పెడతానని ఒకోసారి అనిపిస్తాది. పెట్టనని ఇంకోసారి అనిపిస్తాది. ఏదో ఒకటి నేను అనుకోవాల్సింది గదా. నా బదులు మీరు ముగ్గురూ కూచుని అనుకునేసినారు. దాన్ని మళ్ళీ మైకులో త్యాగం అంటావు."

వసంత కళ్ళు తుడుచుకుంది. నేను దగ్గరికి పోలేదు. ఇప్పుడేం చెయ్యమంటావక్కా అన్నది. పిల్లకి సంతకం కథ చెప్పినావు గదా, మిగిలిందీ నువ్వే చెప్పు అన్నాను. మూతి తుడుచుకుని, కొంగు సర్దుకుని ఫోను తీసింది. నివేత రైల్లో ఉంది, గొంతు బాగానే వినిపిస్తున్నది. వసంత, మీ అవ్వ ఎంత గొప్పదంటే అని మొదలుపెట్టింది. అది వద్దు, చిన్నాయన కాయితం తీసిన కాడినించి చెప్పు అన్నాను. మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేచి పోలేదు. పక్కనే కూర్చుని మొత్తం విన్నాను. ఒక ముక్క వదిలితే చెయ్యి అడ్డం పెట్టి ఆపి చెప్పించాను. ఆ ఇంగ్లీషు మాటలు వసంతకు ఇంకా నోటికి ఉన్నాయి. ఒక్కొక్కటీ తెలుగులో చెబుతూ, 'నా హక్కు వదులుకుంటున్నాను' అనే దగ్గరికి వచ్చేసరికి దాని గొంతు అణిగిపోయింది.

గట్టిగా చెప్పమన్నాను.